కొండ అడ్డమా, లెక్క అడ్డమా? మన ఏజెన్సీకి టీవీ వచ్చిన కథ

నర్సీపట్నం దాటి చింతపల్లి, కొయ్యూరు వైపు కొండల్లో ఉండే మనకి చిన్నప్పట్నుంచీ ఒకటే మాట చెప్పారు. "మీకు కొండలు అడ్డం, అందుకే సిగ్నల్ రాదు." ఈ మాట సగమే నిజం. మిగతా సగం చరిత్రలో ఉంది.

1975 ఆగస్టు 1 నుంచి 1976 జూలై 31 దాకా మన దేశంలో 'సైట్' అనే ప్రయోగం జరిగింది. అమెరికా ఉపగ్రహం ఏటీఎస్-6 ద్వారా ఆరు రాష్ట్రాల్లో దాదాపు 2,400 పల్లెలకి టీవీ కార్యక్రమాలు చేరాయి. అందులో ఆంధ్రప్రదేశ్ కూడా ఉంది. పల్లెల్లో ఇనప జాలీతో చేసిన పది అడుగుల డిష్‌లు పెట్టారు. అంటే ఆకాశం నుంచి మారుమూల పల్లెకి బొమ్మ పంపొచ్చని యాభై ఏళ్ల కిందటే తేలిపోయింది.

కానీ ఆ తర్వాత టీవీ టవర్లతోనే పెరిగింది. 1977 అక్టోబర్ 23న హైదరాబాద్ దూరదర్శన్ మొదలైంది. 1984 నుంచి దేశమంతా చిన్న ట్రాన్స్‌మిటర్లు వరసగా పెట్టుకుంటూ పోయారు. ఒక్క టవర్‌తో ఎంతమందికి అందుతుంది అన్నదే లెక్క. టీవీ తరంగం దాదాపు తిన్నగా పోతుంది. కొండ వెనక ఉన్న పది ఇళ్లు ఆ లెక్కలోకి రావు. అందుకే మన పెద్దోళ్లు వెదురుబొంగుకి యాంటెన్నా కట్టి, ఒకరు తిప్పుతుంటే ఇంకొకరు లోపల్నుంచి "వచ్చింది, పోయింది" అని అరవాల్సి వచ్చేది.

2004 డిసెంబర్‌లో డీడీ డైరెక్ట్ ప్లస్ వచ్చింది. ఇప్పటి డీడీ ఫ్రీ డిష్ అదే. నెలనెలా డబ్బు కట్టక్కర్లేదు. ఆ ఉపగ్రహం మనకి ఆగ్నేయం వైపు బాగా ఎత్తులో ఉంటుంది, అందుకే చాలాచోట్ల కొండ అడ్డం రాదు. అదే కొండ, అదే లోయ, బొమ్మ మాత్రం వచ్చింది! 2016లో డిజిటల్ టవర్ ప్రసారాలు 16 నగరాల్లో మొదలైతే, వాటిలో తెలుగు నగరం ఒక్కటీ లేదు. పాత అనలాగ్ టవర్లు 2022 కల్లా దాదాపు అన్నీ ఆపేశారు. ఇంటి మీద పాత యాంటెన్నా ఎంత తిప్పినా ఇక లాభం లేదు.

డిష్ ఉండి కూడా బొమ్మ రాకపోతే ముందు వైరు చివర్లు, ఎల్‌ఎన్‌బీలో నీళ్లు చేరాయేమో చూడండి. తర్వాత ఎదురుగా పెరిగిన చెట్టు కొమ్మ చూడండి. గాలికి డిష్ కదిలిందేమో చూడండి. బొమ్మ గళ్లు గళ్లుగా విరిగితే సిగ్నల్ బలం చాలట్లేదని అర్థం.

ఇది సినిమాల గురించి మాత్రమే కాదు. 2020 లాక్‌డౌన్‌లో పదో తరగతి పాఠాలు 'విద్యామృతం' పేరుతో దూరదర్శన్ సప్తగిరిలో వచ్చాయి. డిష్ ఉన్న ఇంటికి వెళ్లి కూర్చున్నోళ్లకే ఆ పాఠం అందింది.

రేపు సెల్ టవర్ గురించి కూడా ఇదే మాట చెప్తారు. అప్పుడు మనం కొండని కాదు, లెక్కని అడగాలి. మీ ఊర్లో మొదటి టీవీ ఎప్పుడొచ్చిందో పెద్దోళ్లని అడిగి ఇక్కడ రాయండి. రాయకపోతే మన చరిత్ర కూడా ఆ లెక్కలోకి రాదు.