దయ్యం పక్షాన పాట

1949లో వచ్చిన ‘మహల్’ సినిమా గ్రామఫోన్ రికార్డు మీద గాయని పేరు ‘కామిని’ అని అచ్చయింది. కామిని మనిషి కాదు, ఆ సినిమాలో ఆత్మగా తిరిగే పాత్ర. రేడియోలో పాట విన్నవాళ్లు ఎవరీ కామిని అని ఉత్తరాల మీద ఉత్తరాలు రాస్తే గానీ లతా మంగేష్కర్ పేరు బయటికి రాలేదు. అప్పటికి ఆమెకు ఇరవై ఏళ్లు. గొంతు ఎక్కడి నుంచో నడిచి వస్తున్నట్టు వినిపించాలని ఆమెను గది చివర నిలబెట్టి, పాడుకుంటూ మైకు దగ్గరికి రమ్మన్నారట. పాట మొదట్లో తాళం ఉండదు, గొంతే ముందు వస్తుంది. సంగీత దర్శకుడు ఖేమ్‌చంద్ ప్రకాశ్.

ఆ ఒక్క పాటతో మన దేశంలో దయ్యం సినిమాకు ఒక వరస కుదిరింది: పాడుబడ్డ బంగ్లా, పొగమంచు, తెల్లచీర, లత. 1962లో ‘బీస్ సాల్ బాద్’కు హేమంత్ కుమార్, 1964లో ‘వో కౌన్ థీ’కి మదన్ మోహన్ అదే దారి పట్టారు. ‘వో కౌన్ థీ’ని 1966లో బి.ఎస్. నారాయణ ‘ఆమె ఎవరు?’ పేరుతో తెలుగులో తీశారు. జగ్గయ్య, జయలలిత నటించారు, వేదా సంగీతం, సుశీల గొంతు. కథ గుర్తులేనివాళ్లు కూడా అందులోని సుశీల పాట వస్తే చేతిలో పని ఆపేస్తారు.

తమాషా ఏమిటంటే ఈ సినిమాల్లో చివరికి దయ్యమే ఉండదు. ‘మహల్’లో ఆమె తోటమాలి కూతురు. ‘ఆమె ఎవరు?’లో కవల పిల్లల కిటుకు. గుట్టు తెలిశాక రెండోసారి భయం వేయదు. పాట మాత్రం వందోసారి విన్నా అలాగే పట్టుకుంటుంది. అంటే ఆ పాట పని భయపెట్టడం కాదు. పరాయి దేశాల వాళ్లు రెండు దారులూ తొక్కారు. ‘సైకో’లో బెర్నార్డ్ హెర్మన్ తీగ వాద్యాలతోనే కత్తిపోట్లు వినిపించాడు. అదే హాలీవుడ్‌లో 1968 నాటి ‘రోజ్‌మేరీస్ బేబీ’కి కొమెడా జోలపాట కట్టాడు. మనవాళ్లకు జోలపాటే నచ్చింది.

కథ దయ్యాన్ని తరిమేయమంటుంది, పాట దాని పక్షాన సాక్ష్యం చెబుతుంది. ఈ మాటకు నాగవల్లిని మించిన రుజువు లేదు.

1993లో ఫాజిల్ తీసిన మలయాళ చిత్రం ‘మణిచిత్రతాళు’లో నాగవల్లి తంజావూరు నాట్యగత్తె. మలయాళీ ఇంట్లో తమిళంలో పాడుతుంది. సంగీత దర్శకుడు ఎం.జి. రాధాకృష్ణన్ ఆ సినిమాలో ఆహిరి రాగాన్ని వాడాడు. ఆహిరి పాడితే ఆ పూట అన్నం దొరకదని కర్ణాటక సంగీత విద్వాంసుల్లో ఓ నమ్మకం ఉంది. దాన్నే ఏరుకున్నాడంటే గుండె నిబ్బరం ఉండాలి! 2004లో పి. వాసు దీన్ని కన్నడలో ‘ఆప్తమిత్ర’గా తీసినప్పుడు నాగవల్లి తెలుగు నర్తకి అయింది. ఆ పాత్ర వేసిన సౌందర్య సినిమా విడుదలకు ముందే విమాన ప్రమాదంలో పోయింది. నాగవల్లి పాటలో ఆమెను చూస్తే ఈ సంగతి మరిచిపోవడం మన తరం కాదు. 2005 ‘చంద్రముఖి’ తమిళ సినిమా, అయినా విద్యాసాగర్ సంగీతంలో ‘రారా’ పాట తెలుగులోనే ఉంది, రాసింది భువనచంద్ర. హిందీ ‘భూల్ భులయ్యా’లో దయ్యం భాష బెంగాలీ.

ప్రతి భాషలోనూ దయ్యం పరాయి ఊరి ఆడపిల్ల. ఆట కోసం, పాట కోసం దొర తెచ్చుకున్న మనిషి. ప్రేమించినవాడికి దూరమై ప్రాణం పోగొట్టుకుంది. ఊళ్లో ఆమె తరఫున మాట్లాడేవాడు లేడు, పాట తప్ప. కన్నడ, తమిళ ప్రేక్షకులకు తెలుగు పరాయిది కాబట్టి కొంత భయం పుట్టింది. మనకు ఆమె మనమ్మాయి. ‘చంద్రముఖి’ తెలుగులో చూసినప్పుడు నాకు జంకు కంటే జాలే ఎక్కువ కలిగింది.

జనగామ, మహబూబాబాద్ పల్లెల్లో పుట్టినవాళ్లకు ఈ జాలి కొత్తది కాదు. అన్యాయంగా చచ్చిన ఆడమనిషి కథను తెల్లవార్లూ వాయిద్యం మీద చెప్పడం ఇక్కడ తరాల నాటి పని. జమదగ్ని మాట మీద కొడుకే తల నరికిన తల్లి ఎల్లమ్మ. బైండ్లోళ్లు ఆ కథ చెప్పేది జమిడిక మీద. ఒక పక్క తోలు బిగించిన గొట్టం, తోలు మధ్య నుంచి నరం. నరాన్ని లాగి పట్టి పుల్లతో మీటుతూ బిగువు మార్చితే స్వరం జారుతుంది, మనిషి మూలిగినట్టు, మధ్యలో ప్రశ్న వేసినట్టు. మెట్టు మెట్టుగా కాక జారుతూ పోయే స్వరం కోసమే భయానక చిత్రాల సంగీతకారులు ఎక్కడెక్కడి పరికరాలో వెతుకుతారు. అది బైండ్లాయన చంకలో ఉంది.

ఎల్లమ్మను దయ్యంతో పోలుస్తున్నానని అనుకోవద్దు. ఆమె దేవత, కొలుపులు అందుకుంటుంది. నేను చెప్పేది కథ చెప్పే తీరు గురించే. లింగాలఘనపురం మండలం మాణిక్యాపురంలో పుట్టిన చుక్క సత్తయ్య (1935-2017) ఒగ్గు కథను ఊరి కొలుపుల నుంచి పెద్ద వేదికల మీదికి తెచ్చాడు. డోలు, తాళాల హోరు ఒక్కసారి ఆగి గొంతు మాత్రమే మిగిలే చోటు ఒగ్గు కథలో ఉంటుంది. ఖేమ్‌చంద్ ప్రకాశ్ ‘మహల్’లో నమ్ముకున్నదీ ఆ ఒంటరి గొంతునే.  ఇక మేడారం జాతర సంగతి. చిలుకలగుట్ట నుంచి సమ్మక్కను తెచ్చేటప్పుడు మోగే కోయ డోలు విన్నవాళ్లను అడగండి, ఒళ్లు జలదరించింది భయంతోనా భక్తితోనా అని. తేల్చి చెప్పలేరు.

సినిమా ఈ డోలును ఆలస్యంగా పట్టుకుంది. 1992లో రాంగోపాల్ వర్మ ‘రాత్రి’కి నేపథ్య సంగీతంతో మణిశర్మ రంగప్రవేశం చేశాడు, అది పట్నపు భయం. 2009 ‘అరుంధతి’లో కోటి డోలును ముందుకు తెచ్చాడు. అక్కడ అఘోరాను మట్టుబెట్టడానికి ఆడమనిషి ఎంచుకున్న ఆయుధమే డోలు నాట్యం. నాకు మన భయానక చిత్రాల్లో అంతకు మించిన ఘట్టం లేదు. 2023లో అజనీష్ లోక్‌నాథ్ ‘విరూపాక్ష’, ‘మంగళవారం’ రెండింటికీ ఊరి మోతనే వాడాడు. మంచిదే. కానీ ఇప్పుడు చాలా సినిమాల్లో డోలు మోగితే క్షుద్రపూజ, జాతర కనిపిస్తే చావు. కొలుపు వాయిద్యాన్ని చేతబడికి గుర్తుగా మార్చడం నాకు మింగుడు పడదు. ఆ మోతలో ఉన్న జాలిని వదిలేసి అదురును మాత్రమే తీసుకుంటున్నారు.

సంగీత దర్శకులకు ఒక్క మనవి. కంప్యూటర్‌లో సిద్ధంగా దొరికే డోలు చప్పుడు పక్కన పెట్టి ఒకసారి జనగామ వైపు రండి. ఎల్లమ్మ కథ చివరిదాకా వినండి, బైండ్లాయనను స్టూడియోకు పిలిచి వాయించుకోండి, కూలి సరిగ్గా ఇవ్వండి, ఆయన పేరు తెర మీద వేయండి.