చదువు మాత్ర కథ: నిద్ర పోయింది సరే, తెలివి పెరిగిందా?

ఎగ్జామ్స్ దగ్గర పడితే చాలు, హాస్టళ్లలో ఒక మాట మొదలవుతుంది. "అదేదో ట్యాబ్లెట్ ఉందటరా, వేసుకుంటే రాత్రంతా చదవొచ్చంట, చదివిందంతా గుర్తుంటుందంట!" ఈ మాట వయసు దాదాపు 90 ఏళ్లు. ఈ రోజు దాని హిస్టరీ చూద్దాం.

1929, లాస్ ఏంజెలెస్. గోర్డన్ ఆలెస్ అనే కెమిస్ట్ ఆస్తమాకి మందు వెతుకుతున్నాడు. జూన్ 3న యాంఫెటమిన్ 50 మిల్లీగ్రాములు తన ఒంట్లోకే ఇంజెక్షన్ చేయించుకున్నాడు. ముక్కు ఫ్రీ అయింది, మంచి హుషారొచ్చింది. రాత్రి మాత్రం సరిగ్గా నిద్ర పట్టలేదు, ఆలోచనలు ఒకచోట నిలవలేదు.

తర్వాత ఇదే మందు బెంజెడ్రిన్ పేరుతో మార్కెట్లోకి వచ్చింది. మిన్నెసోటా యూనివర్సిటీ సైకాలజీ వాళ్లు దాంతో టెస్టులు చేశారు. ఆ సంగతి స్టూడెంట్స్ చెవిన పడింది. ఇంకేముంది, పరీక్ష ముందు రాత్రి మాత్ర వేసుకోవడం మొదలైంది. 1937లో టైమ్ మ్యాగజైన్ దాకా వెళ్లింది ఈ వార్త.

అదే 1937లో రోడ్ ఐలాండ్‌లో చార్లెస్ బ్రాడ్లీ అనే డాక్టర్, ప్రవర్తనలో ఇబ్బందులున్న పిల్లలకు బెంజెడ్రిన్ ఇచ్చాడు. చాలామంది పిల్లలు చదువు మీద కుదురుగా కూర్చున్నారు. ఇవాళ ఏడీహెచ్‌డీకి ఇచ్చే ట్రీట్‌మెంట్‌కి మూలం అక్కడుంది. అది వైద్యం. మన ప్రశ్న వేరు: ఏ సమస్యా లేనివాళ్లు వేసుకుంటే ఏమవుతుంది?

కట్ చేస్తే జర్మనీ. 1938లో పెర్విటిన్ వచ్చింది, అంటే మెథాంఫెటమిన్. మిలిటరీ డాక్టర్ ఒట్టో రాంకె దాన్ని స్టూడెంట్స్ మీద టెస్ట్ చేశాడు. నిద్ర ఆగింది, కానీ లోతుగా ఆలోచించాల్సిన పనుల్లో తెలివి పెరగలేదు. అయినా సైన్యం ఆగలేదు. 1940లో కొన్ని నెలల్లోనే ఈ రకం మాత్రలు 3.5 కోట్లు సైనికులకు వెళ్లాయి. సైన్యానికి కావాల్సింది మేలుకుని నడిచేవాడు, లెక్కలు చేసేవాడు కాదు కదా!

ఇప్పుడు మన కాలానికి వద్దాం. 2013లో అమెరికాలో 46 మంది ఆరోగ్యవంతులకు యాంఫెటమిన్ ఉండే అడెరాల్ ఇచ్చి, మెమరీతో సహా 13 రకాల టెస్టులు పెట్టారు. మొత్తం మీద చెప్పుకోదగ్గ మెరుగుదల లేదు. కానీ మాత్ర వేసుకున్నప్పుడు వాళ్లకి మాత్రం "నేను ఇరగదీశా" అనిపించింది! 2015లో చాలా స్టడీలను కలిపి లెక్కేస్తే కొంత లాభం కనిపించింది, కాకపోతే ఎక్కువ విషయాల్లో అది చిన్నదే.

2023లో మెల్‌బోర్న్ టీమ్ ఇంకో అడుగు వేసింది. కంప్యూటర్ సైన్స్ వాళ్లకి నాప్‌సాక్ ప్రాబ్లమ్ తెలుసు కదా? బరువు లిమిట్ ఉన్న సంచిలో ఏ వస్తువులు పెడితే ఎక్కువ విలువ వస్తుందో తేల్చాలి. 40 మందికి వేర్వేరు రోజుల్లో మిథైల్‌ఫెనిడేట్ లాంటి మూడు మందులు, ఒకసారి డమ్మీ మాత్ర ఇచ్చి ఇదే చేయించారు. మందు మీద ఉన్నప్పుడు ఎక్కువసేపు కష్టపడ్డారు, వస్తువుల్ని ఎక్కువసార్లు పెట్టి తీశారు. జవాబులు మాత్రం మెరుగవలేదు, ఒక్కో అడుగు క్వాలిటీ తగ్గింది. డమ్మీ మాత్రతో సగటు కంటే బాగా చేసినవాళ్లలో చాలామంది మందుతో సగటు కిందకి జారారు.

ఎందుకలా? ఈ మందులు మెదడులో డోపమిన్, నోర్‌ఎపినెఫ్రిన్ ప్రభావాన్ని పెంచుతాయి. దాంతో పని చేయాలనిపిస్తుంది, బోర్ కొట్టదు. అంటే యాక్సిలరేటర్ తొక్కినట్టు. స్టీరింగ్ ఎటు తిప్పాలో అది చెప్పదు. పైగా చదివింది మెదడులో కుదురుకునేది నిద్రలోనే. ఆ నిద్రనే ఈ మాత్ర ఎత్తుకుపోతుంది.

అసలు డేంజర్ ఇదే ఫ్రెండ్స్. బాగా చేస్తున్నామన్న నమ్మకం వస్తుంది కాబట్టి, తప్పు జరుగుతున్నా మనకి తెలియదు. గుండె వేగం, బీపీ, అలవాటు పడిపోవడం ఇవన్నీ ఎక్స్‌ట్రా. మన దేశంలో మిథైల్‌ఫెనిడేట్ ఎన్‌డీపీఎస్ చట్టం కిందకి వస్తుంది, ఫ్రెండ్ దగ్గర నుంచి తీసుకునే వస్తువు కాదు.

డాక్టర్ రాసిచ్చి ఏడీహెచ్‌డీకి వాడుతున్నవాళ్లు ఈ వీడియో చూసి ఆపేయకండి, మీకది అవసరం. మిగతావాళ్లు రేపు పరీక్ష ఉంటే పుస్తకం మూసి పడుకోండి.