యేట్స్ నిచ్చెనకు ఎనిమిది మెట్లు

వారాల తరబడి వెతికినా రాయడానికి వస్తువు దొరకడం లేదని ఐరిష్ కవి డబ్ల్యూ.బి. యేట్స్ ఏకంగా ఒక కవితే రాశాడు. పేరు 'ది సర్కస్ యానిమల్స్ డిజర్షన్'. ఇన్నాళ్లూ చెప్పినట్టు ఆడిన సర్కస్ జంతువులు, అంటే తన పాత ఇతివృత్తాలు, వదిలి వెళ్లిపోయాయని గోడు. 1939 జనవరిలో అచ్చయింది. ఆ నెల 28న కవి కన్నుమూశాడు. ఊట ఎండిందని చెప్పుకోవడానికి ఆయన ఎంచుకున్న ఛందస్సుకు మాత్రం ఆరువందల ఏళ్ల వయసుంది. అదే ఒట్టావా రిమా.

ఇటాలియన్‌లో ఒట్టో అంటే ఎనిమిది. పద్యానికి ఎనిమిది పాదాలు. మన ప్రాస పాదంలో రెండో అక్షరం. వాళ్లది పాదం చివర. 1, 3, 5 పాదాలకు ఒక ప్రాస, 2, 4, 6 పాదాలకు ఇంకొకటి. ఆరు పాదాలూ జడలా అల్లుకుంటూ వస్తే, చివరి రెండూ జంటకట్టి ముడి వేస్తాయి.

14వ శతాబ్దిలో ఇటలీ రచయిత బొకాచియో దీనితో దీర్ఘకావ్యాలు నడిపాడు. 1516లో ఇదే ఛందస్సులో మరో ఇటలీ కవి అరియోస్తో రాసిన 'ఒర్లాందో ఫ్యూరియోసో' వెలువడింది. టస్కనీలో దీన్ని ఆశువుగా పాడే పోటీలు నేటికీ ఉన్నాయి. ఒకరు ముగించిన ప్రాసనే ఎదుటివారు ఎత్తుకోవాలి. ఇంగ్లీషులోకి తెచ్చింది 16వ శతాబ్ది కవి థామస్ వ్యాట్. ఆ భాషలో ఒకే ప్రాసకు మూడేసి మాటలు దొరకడం కష్టం. ఆ కష్టాన్నే ఇంగ్లీషు కవి బైరన్ నవ్వులాట చేసుకున్నాడు. 1818లో 'బెప్పో', మరుసటి ఏడాది నుంచి 'డాన్ జువాన్', వాటిలో విడ్డూరపు ప్రాసలు, చివరి జంటలో చురక.

యేట్స్ కవిత ఐదు పద్యాలు. మొదటి పద్యంలో ముడే వదులు: 'చారియట్'కు 'వాట్' అంతంతమాత్రంగా అతుకుతుంది. రెండో పద్యంలో తన తొలినాళ్ల వీరుడు ఒషీన్‌ను తలుచుకోగానే ప్రాసలన్నీ చక్కగా కుదురుతాయి. చివరి పద్యంలో పాత ఇనుము, ఎముకలు, చింకిగుడ్డలు పోగుపడుతుంటే ప్రాస మళ్లీ సడలుతుంది. 'బిగ్యాన్', 'క్యాన్' తర్వాత రావలసిన మూడో మాట 'గాన్' అయింది. ఇన్నాళ్లూ తాను ఎక్కిన నిచ్చెన పోయిందని కవి చెప్పే మాట అదే. మెట్టు జారింది సరిగ్గా అక్కడ.

ఇక పడుకోవలసింది నిచ్చెనలన్నీ మొదలయ్యే నేల మీదే, గుండెలోని ఆ పాతసామాన్ల కొట్టులోనే అంటాడు. 'స్టార్ట్', 'హార్ట్'. ఈసారి ముడి బిగిసింది.