వెదికితే దొరకాలంటే: బొగ్గుబాయి రిజిస్టరు నుంచి కంప్యూటర్ తెర దాకా

గోదావరికి ఈవల రామగుండం, ఆవల శ్రీరాంపూర్, మందమర్రి, బెల్లంపల్లి. ఉమ్మడి కరీంనగర్, ఆదిలాబాద్ జిల్లాల పారిశ్రామిక చరిత్ర చాలామటుకు ఈ నేల మీదే నడిచింది. బొగ్గు, కరెంటు, ఎరువులు, సిమెంటు, కాగితం పరిశ్రమలు మూడు షిఫ్టుల్లో పుట్టించే లెక్కలన్నీ ఇప్పుడు కంప్యూటర్లలోకి చేరుతున్నాయి. ఒక మాట కొట్టి వెదకడం, తేదీ, యూనిట్, షిఫ్టు ఎంచుకుని అక్కర్లేనివి వడగట్టడం గుమాస్తా నుంచి జనరల్ మేనేజర్ దాకా అందరికీ అలవాటైంది. దీన్ని సాఫ్ట్‌వేర్ ఇచ్చిన వరంగా చూడటం మామూలే. కానీ ఈ ప్రాంతపు రికార్డుల చరిత్రను వరసగా చూస్తే నాకు కనిపించేది వేరు. ఒక సంగతి దొరుకుతుందా లేదా అన్నది వెదికే రోజున తేలదు. రాసిన రోజునే, ఏ గడిలో ఏ పేరుతో రాశారన్న దాన్నిబట్టి తేలిపోతుంది. యంత్రం మారినకొద్దీ వేగం పెరిగింది గానీ ఈ నియమం మారలేదు. పైగా, దొరకనిదాన్ని లేనిదిగా లెక్కగట్టే ప్రమాదం పెరిగింది.

ఇల్లెందు దగ్గర బొగ్గు ఉన్నట్టు 1871లో భూగర్భ శాస్త్రవేత్త విలియం కింగ్ గుర్తించాడు. 1886లో హైదరాబాద్ దక్కన్ కంపెనీ తవ్వకం హక్కులు పొందింది, 1889లో బొగ్గు తీయడం మొదలైంది, 1920 డిసెంబర్ 23న సింగరేణి కాలరీస్ కంపెనీ ఏర్పడింది. 1920ల చివరలో తవ్వకం బెల్లంపల్లి వైపుకు, 1960ల మొదట్లో గోదావరిఖనికి వచ్చింది. బాయి ఎక్కడికి వెళ్తే రిజిస్టర్లూ అక్కడికి వెళ్లాయి: హాజరు పట్టీ, దీపాల గది లెక్క, పనిచోట్లను చూసుకునే సర్దార్, ఓవర్‌మన్ షిఫ్టు చివర రాసే రిపోర్టు, సర్వేయర్ గీసే పటం. వీటిలో దీపాల లెక్క గురించి కాస్త ఆగి చెప్పుకోవాలి. దిగేవాడు తన నంబరు దీపం తీసుకుంటాడు, పైకొచ్చాక తిరిగి పెడతాడు. షిఫ్టు అయ్యాక ఏ నంబరు చోటు ఖాళీగా ఉందో చూస్తే లోపల ఇంకా ఎవరున్నారో తెలిసిపోతుంది. అడగబోయే ప్రశ్న ఒక్కటే, అది ముందే తెలుసు, జవాబు చూపుకే దొరుకుతుంది. ఓవర్‌మన్ పుస్తకం అలా కాదు. అది తేదీల వరస. ఫలానా రోజు రెండో షిఫ్టులో ఏం జరిగిందంటే పేజీ తిప్పి చెప్పవచ్చు. ఫలానా డిస్ట్రిక్టులో (బాయి లోపలి పనిచోట్లకు అదే పేరు) ఈ ఏడాది పైకప్పు ఎన్నిసార్లు రాలిందంటే మాత్రం వెయ్యికి పైగా షిఫ్టుల రాతలు తిరగేయాలి. అంత ఓపిక ఏ ఆఫీసుకూ ఉండదు. ఆ జవాబు అనుభవమున్న సర్దార్ జ్ఞాపకంలో ఉండేది, ఆయన రిటైరైతే ఆయనతోపాటే పోయేది.

వడపోత కూడా కంప్యూటర్‌తో పుట్టింది కాదు. 2025 దాకా అమల్లో ఉన్న 1952 గనుల చట్టం 52వ సెక్షన్ ప్రకారం, క్యాలెండర్ సంవత్సరంలో భూగర్భంలో పనిచేసేవారికి 190 హాజర్లు, మిగతావారికి 240 హాజర్లు ఉంటేనే ఆ ఏడాది సర్వీసు పూర్తయినట్టు లెక్కించేవారు. కార్మికుల నోట ఇవి మస్టర్లు. గుమాస్తా వేలు పెట్టి లెక్కించినా, కంప్యూటర్ కూడినా జరిగేది వడపోతే. 190 దాటినవాళ్లు ఒక వైపు, దాటనివాళ్లు ఇంకో వైపు. అయితే అదే సెక్షన్ లే-ఆఫ్ రోజుల్ని, మహిళల ప్రసూతి సెలవును, ముందటేడు సంపాదించుకున్న సెలవును కూడా ఈ లెక్కలో హాజరుగానే పరిగణించాలనేది. 'హాజరు' అని ఉన్న గడుల్ని మాత్రమే కూడేలా వడపోత రాస్తే, చట్టం లోపల ఉంచిన మనిషిని ఆ రాత బయటికి నెట్టేస్తుంది. ఆ తప్పు తెర మీద ఎక్కడా కనబడదు. కనబడేది సంఖ్య ఒక్కటే.

ఇంతకన్నా లోతైన గాయం మారుపేర్లది. సింగరేణిలో సొంత పేరుతో కాక వేరే పేరుతో చేరి, ఆ పేరుతోనే దశాబ్దాలు పనిచేసిన కార్మికులున్నారు. కంపెనీ రిజిస్టరులో ఒక పేరు, ఊళ్లో, పిల్లల సర్టిఫికెట్లలో మరో పేరు. కార్మికుడు చనిపోయాకో, వైద్య పరీక్షలో అన్‌ఫిట్ అయ్యాకో వారసులు ఉద్యోగానికి దరఖాస్తు పెట్టుకుంటే ఆ రెండు పేర్లూ కలవవు. దీన్ని పరిష్కరించాలని కార్మిక సంఘాలు ఏళ్ల తరబడి అడుగుతూనే ఉన్నాయి. ఒకే ఊళ్లో, ఒకే గేటు దగ్గర మనిషిని మనిషి గుర్తుపట్టినంత కాలం ఏ పేరుతో పనిచేసినా గడిచిపోయింది. అక్షరానికి అక్షరం సరిపోల్చే చోటికి వచ్చేసరికి ఆగిపోయింది. ఇందులో మోసానికి తావుందనేవారి మాట కొట్టిపారేయదగ్గది కాదు. ఒకరి హక్కు ఇంకొకరు కాజేయకుండా కాపాడేదీ ఆ సరిపోల్చడమే. అయినా అనుమానం ఉంటే విచారించడానికి రికార్డులో చోటుండాలి. మనిషికి ఒకే పేరు గడి పెట్టిన పట్టికలో రెండో పేరు రాసే దారి లేదు, ఎవరు నిర్ధారించారో రాసే దారి అసలే లేదు. ఆ గడి లేకపోవడం వల్ల నష్టపోయేది నిజంగా హక్కున్న కుటుంబమే.

రాసిన వరసలోనే వెదకాలన్న రిజిస్టరు కట్టుబాటును తెంచిన ఆలోచన 1970లో వచ్చింది. ఐబీఎంలో పనిచేసిన ఎడ్గర్ కాడ్, సమాచారాన్ని పట్టికలుగా అమర్చితే అది ఎక్కడ, ఏ వరసలో దాచి ఉందో తెలియకుండానే ఏ ప్రశ్నైనా అడగవచ్చని చూపాడు. 1974లో చాంబర్లిన్, బాయిస్ ప్రకటించిన ప్రశ్నల భాషే తర్వాత ఎస్‌క్యూఎల్ అయింది. ముందుగా ఊహించని ప్రశ్నకు కూడా రికార్డు జవాబివ్వడం దీంతో తేలికైంది. ఓవర్‌మన్ పుస్తకం ఇవ్వలేని జవాబు ఒక్క వాక్యంతో వచ్చేస్తుంది. దీన్ని నేను చిన్నచూపు చూడటం లేదు. కాకపోతే దానికొక షరతుంది. ఒక వస్తువుకు అన్నిచోట్లా ఒకే పేరుండాలి. రవీంద్రఖని అయిదో గనిని ఒకరు ఆర్‌కే-5 అని, ఇంకొకరు గీత లేకుండా ఆర్‌కే5 అని, మరొకరు పూర్తి పేరుతో ఎక్కిస్తే యంత్రానికి అవి మూడు గనులు. ఊళ్ల పేర్లు మారకపోయినా జిల్లాలు మారాయి. 2016 అక్టోబర్ 11న జిల్లాల పునర్విభజనతో రామగుండం పెద్దపల్లి జిల్లాలోకి, మందమర్రి, బెల్లంపల్లి మంచిర్యాల జిల్లాలోకి, కాగజ్‌నగర్ ఆసిఫాబాద్ జిల్లాలోకి వెళ్లాయి. పాత, కొత్త లెక్కలు కలిసిన పట్టికలో 'కరీంనగర్' అని వడగడితే ఆ ఏడాది జిల్లా పరిశ్రమలన్నీ కుప్పకూలినట్టు కనిపిస్తుంది. నిజానికి ఆ విభజన వల్ల ఒక్క చిమ్నీ కూడా ఆగలేదు. రామగుండం ఎరువుల కర్మాగారానిది ఇంకో చిక్కు. బొగ్గుతో నడిచిన పాతది 1999లో మూతపడింది. 2021లో ఉత్పత్తి మొదలుపెట్టింది సహజవాయువుతో నడిచే కొత్తది. ఊరి పేరు పెట్టి వెదికితే రెండు వేర్వేరు ఫ్యాక్టరీల లెక్కలు ఒకే వరసలో వచ్చి నిలబడతాయి.

విద్యుత్ కేంద్రంలో సమస్య ఇంకో రూపం తీసుకుంది. రామగుండం ఎన్టీపీసీకి 1978 నవంబర్ 14న ప్రధాని మొరార్జీ దేశాయ్ శంకుస్థాపన చేశారు. 1983లో మొదటి 200 మెగావాట్ల యూనిట్ నడిచింది, తర్వాత అది ఏడు యూనిట్లతో 2,600 మెగావాట్లకు పెరిగింది. ఆ తరం కేంద్రాల్లో ఉష్ణోగ్రత, పీడనాలను కలం కదిలే కాగితపు చుట్టలు గీసేవి, ఆపరేటర్లు గంటగంటకూ లాగ్ పుస్తకంలో రాసేవారు. వేల కొలతలు సెకన్ల లెక్కన రావడం మొదలయ్యాక వాటిని కాలక్రమంలో దాచే హిస్టోరియన్ అనే సాఫ్ట్‌వేర్ తరహా వచ్చింది. దీనికి ప్రపంచమంతటా పేరు తెచ్చిన పీఐ వ్యవస్థను తయారుచేసిన కంపెనీ 1980లో కాలిఫోర్నియాలో మొదలైంది. ఇందులో గమనించాల్సింది, వెదకడానికి ముందే ఒక వడపోత జరిగిపోవడం. వచ్చిన ప్రతి కొలతనూ ఇది దాచదు. ముందు విలువ నుంచి నిర్ణీత హద్దు దాటి తేడా వస్తేనే దాచి, నడుమ ఉన్నవాటిని గీత గీసి పూరిస్తుంది. డిస్కులు ఖరీదైన రోజుల్లో అది తెలివైన పొదుపు. కానీ ఆ హద్దు వదులుగా పెడితే, బేరింగు ఉష్ణోగ్రత ఒక క్షణం పైకి లేచి దిగిన సంగతి రికార్డులో మిగలదు. ఏళ్ల తర్వాత యంత్రం చెడి, కారణం వెదికే ఇంజనీరుకు నున్నటి గీత కనిపిస్తుంది. పేర్ల విషయంలో మాత్రం విద్యుత్ రంగం ముందుంది. జర్మనీలో 1970లలో రూపుదిద్దుకున్న కేకేఎస్ పద్ధతిలో పేరులోనే వర్గీకరణ ఉంటుంది. ఎల్ఏసీ అంటే ఫీడ్ వాటర్ పంపుల వ్యవస్థ, ఏపీ అంటే పంపు, చివర వరస నంబరు. ఎల్ఏసీ అని వడగడితే ఆ వ్యవస్థ మొత్తం ఒక్కచోటికి వస్తుంది. సాఫ్ట్‌వేర్ రాకముందే పేరు పెట్టే క్రమశిక్షణ ఉంటే వెదుకులాట ఎంత తేలికో ఇదొక్కటే చాలు చూపడానికి.

వడపోతే వద్దనడం నా వాదన కాదు. 1994 జూలై 24న బ్రిటన్‌లోని మిల్‌ఫర్డ్ హేవెన్ చమురు శుద్ధి కర్మాగారం పేలడానికి ముందు చివరి 11 నిమిషాల్లో ఇద్దరు ఆపరేటర్ల ముందు 275 అలారాలు మోగాయి. ఏది ముఖ్యమో తేల్చలేని తెర లేనిదానితో సమానం. కానీ వడపోత జల్లెడ లాంటిది, కన్నాల కొలత ఎవరు, ఎందుకు పెట్టారో తెలియాలి. బాయిలో పనిచోట్ల నుంచి బయటికి వచ్చే తిరుగుగాలిలో మండే వాయువు 0.75 శాతం మించకూడదని నిబంధన. 0.75 దాటినవే చూపమంటే, వారం రోజుల్లో 0.3 నుంచి 0.6కు పాకిన చోటు ఖాళీగా కనిపిస్తుంది. హద్దు దాటినవాటితోపాటు హద్దు వైపు నడుస్తున్నవాటినీ చూపే వడపోతే గనికి పనికొస్తుంది.

అన్నిటికన్నా బరువైన వెదుకులాట నీటి గురించినది. 2003 జూన్ 16న గోదావరిఖని 7 ఎల్‌ఈపీ గనిలోకి నీరు ముంచుకొచ్చి 17 మంది కార్మికులు చనిపోయారు. రికార్డు వెదకడంలో లోపమే దానికి కారణమని నేననడం లేదు. అటువంటి ప్రమాదం ఏ గనిలోనైనా ఏ ప్రశ్న లేవనెత్తుతుందో చెబుతున్నాను. ఈ పనిచోటు పక్కన, పైన పాత పనులు (తవ్వి వదిలేసిన చోట్లు) ఎక్కడున్నాయి, వాటిలో నీరుందా? 60 మీటర్ల లోపు పాత పనులుంటే ముందస్తు అనుమతి లేకుండా ముందుకు తవ్వరాదని 1957 బొగ్గు గనుల నిబంధనలు ఊరికే పెట్టలేదు. ఆ 60 మీటర్లు కొలిచేది పటం మీదే. 2002 జూలైలో అమెరికాలోని క్వెక్రీక్ గనిలో, పక్కనున్న పాత గని పటం చివరిదాకా గీసినది కాకపోవడంతో నీటిని ఆపి ఉంచిన గోడను తవ్వేశారు. తొమ్మిది మంది చిక్కుకుని మూడు రోజులకు పైగా గడిచాక బతికి బయటపడ్డారు. ఆ పాత గని ఆఖరి పటం తర్వాత ఒక బొగ్గు ప్రదర్శనశాల సేకరణలో బయటపడింది. పటం ఉంది, వెదికిన చోట లేదు.

ఇప్పుడొక గట్టి అభ్యంతరం వినిపిస్తోంది. కృత్రిమ మేధ వచ్చాక గడులూ కోడ్‌లూ ఎందుకు, ఎవరెలా రాసినా యంత్రమే అర్థం చేసుకుంటుంది కదా అని. ఇందులో సగం నిజముంది. ఆర్‌కే-5కు మూడు రాతలుంటే కలిపేస్తుంది, తెలుగు, ఇంగ్లీషు కలగలిసిన రిపోర్టులో 'కప్పు రాలింది' అన్నదాన్ని పట్టుకుంటుంది. పాత ఓవర్‌మన్ పుస్తకాలను స్కాన్ చేసి చదివించడానికి దీన్ని వాడాలి కూడా. కానీ హిస్టోరియన్ దాచని కొలతను అది పుట్టించలేదు, సేకరణలోకి రాని పటాన్ని చూడలేదు. మారుపేరు విషయంలో రెండు పేర్లూ ఒక్కరివే కావచ్చని ఊహించగలదు. ఆ ఊహ మీద ఒక కుటుంబం బతుకు తేల్చకూడదు. ఇక గడులు పెంచితే షిఫ్టులో ఉన్నవాడికి రాత భారం పెరుగుతుందనే మాట న్యాయమైనదే. అందుకే నేను కోరేది ఎక్కువ గడులు కాదు. దీపాల గది లెక్కలో నంబరు ఒక్కటే ఉండేది, అది సరైనది కాబట్టి ప్రాణాలకు పనికొచ్చింది.

కంపెనీలు కొత్త తెరలు చేయించుకునేటప్పుడు మూడు పనులు చేయాలని నా విన్నపం. ప్రతి జాబితా మీద అది ఏ షరతుతో వడగట్టిందో చదవగలిగేలా రాయాలి. మనుషులకూ గనులకూ ఊళ్లకూ పాత పేరు, కొత్త పేరు, మారిన తేదీ, నిర్ధారించినవారు ఉండే గడులు ఏర్పరచాలి. వాటిని నింపడానికి పాత సీములు (బొగ్గు పొరలు) తిరిగిన ఓవర్‌మన్లను, సర్వేయర్లను, మస్టర్ గుమాస్తాలను పిలిచి కూర్చోబెట్టాలి. వాళ్లు ఏటా రిటైరవుతున్నారు, కాబట్టి ఈ మూడో పని ముందు మొదలుపెట్టాలి.