మంచి ఏరియా

అమెరికాలో ఇల్లు కొనే మనవాళ్ళు రియల్ ఎస్టేట్ ఏజెంటుని తప్పకుండా అడిగే ప్రశ్న ఒకటుంది: "ఈ చుట్టుపక్కల మన ఇండియన్స్ బాగా ఉన్నారా?" ఏజెంటు నవ్వేసి మాట మార్చేస్తుంది. "పోనీ, మంచి ఏరియాయేనా?" అంటే ఫలానా వెబ్‌సైట్‌లో చూసుకోమంటుంది. అంత కమిషన్ తీసుకుంటూ ఈ మాత్రం చెప్పడానికేం అని మనవాళ్ళకి ఒళ్ళు మండుతుంది. ఆమెకి తెలియక కాదు. ఏ వీధిలో ఏ జాతి వాళ్ళుంటారో చెప్పి కొనేవాళ్ళని ఒక వైపుకి తోలడాన్ని ఇక్కడ "స్టీరింగ్" అంటారు. 1968లో వచ్చిన ఫెయిర్ హౌసింగ్ చట్టం కింద అది చేయకూడని పని.

అలాంటి చట్టం ఎందుకు కావలసి వచ్చిందో చూద్దామని మొదలుపెట్టి చాలా వెనక్కి వెళ్ళాను. మంచి ఏరియా అంటే మన మనసులో ఒక బొమ్మ ఉంటుంది. ముందు పచ్చిక, వెనక పెరడు, ఒకే వరసలో ఇళ్ళు, రేటింగ్ తొమ్మిదో పదో ఉన్న స్కూలు, నిశ్శబ్దం. ఆ బొమ్మ దానంతటది పుట్టలేదు. దాదాపు వందేళ్ళ క్రితం కోర్టులూ, బ్యాంకులూ, ప్రభుత్వమూ, బిల్డర్లూ కలిసి గీసిన బొమ్మ అది. గీసిన కాగితాల్లో మన ప్రస్తావన కూడా ఉంది, మనకి నచ్చే విధంగా కాదు.

భగత్ సింగ్ థింద్ 1913లో పంజాబు నుంచి అమెరికా వచ్చాడు. మొదటి ప్రపంచ యుద్ధంలో తలపాగాతోనే అమెరికా సైన్యంలో పనిచేశాడు. అప్పట్లో వలస వచ్చినవాళ్ళలో తెల్లవాళ్ళకీ, ఆఫ్రికా సంతతి వాళ్ళకీ తప్ప పౌరసత్వం ఇచ్చేవారు కాదు. థింద్ కోర్టులో ఏం వాదించాడు? ఈ నిబంధన అన్యాయం అనలేదు. నేను ఆర్య సంతతిని, అగ్రకులస్థుణ్ణి, కాబట్టి నేనూ తెల్లవాణ్ణే అన్నాడు. మీరు నల్లవాళ్ళని ఎలా చూస్తారో మా దేశంలో పై కులాల వాళ్ళం కింది వాళ్ళని అలాగే చూస్తాం, వాళ్ళని పెళ్ళి చేసుకోం అని కూడా ఆయన తరఫు వాదనలో ఉంది. అంటే గోడ తీసేయమని కాదు, నన్ను గోడకి ఇటువైపు ఉంచండి అని. 1923లో సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసింది. శాస్త్రవేత్తలు ఏమన్నా సరే, తెల్లవాడంటే ఎవరో మామూలు మనిషికి తెలుసు, ఆ లెక్కలో నువ్వు లేవు అని జస్టిస్ జార్జ్ సదర్లాండ్ తీర్పు రాశాడు.

ఆ తీర్పుతో, అంతకు ముందే పౌరసత్వం వచ్చిన భారతీయులకి కూడా దాన్ని వెనక్కి తీసుకోవడం మొదలుపెట్టారు. వాళ్ళలో వైష్ణో దాస్ బగాయ్ ఒకడు. 1915లో భార్య కళా బగాయ్‌తో, ముగ్గురు కొడుకులతో శాన్ ఫ్రాన్సిస్కో వచ్చి వ్యాపారం పెట్టుకున్నాడు. ఆ కుటుంబం బర్కిలీలో ఇల్లు కొనుక్కుని సామాను వేసుకుని వెళ్తే, వాళ్ళు లోపల అడుగు పెట్టకుండా ఇరుగుపొరుగు వాళ్ళు ఆ ఇంటికి తాళాలు వేసేశారు. అలాంటి చోట పిల్లల్ని పెంచలేమని వెనక్కి వచ్చేశారు. థింద్ తీర్పు తర్వాత పౌరసత్వమూ పోయింది, దుకాణమూ పోయింది. 1928లో ఆయన ఆత్మహత్య చేసుకున్నాడు. ఇప్పుడు బర్కిలీ డౌన్‌టౌన్‌లో ఒక వీధికి కళా బగాయ్ పేరుంది.

మన భీమవరం నుంచి వచ్చిన యల్లాప్రగడ సుబ్బారావు ఈ కాలం మనిషే. హార్వర్డ్‌లో, తర్వాత న్యూయార్క్ రాష్ట్రంలోని లెడర్లీ ప్రయోగశాలలో పనిచేసి ఫోలిక్ యాసిడ్ దగ్గర నుంచి క్యాన్సర్ మందుల దాకా లోకానికి ఇచ్చినవాడు. ఆయన అమెరికాలో ఉన్న కాలంలో ఎక్కువ భాగం, భారతీయుడన్న ఒక్క కారణంతో పౌరుడు కాలేని స్థితి. 1946లో చట్టం మారింది. 1948లో ఆయన పోయారు, పౌరసత్వం లేకుండానే.

థింద్ తీర్పు వచ్చిన మూడేళ్ళకి, 1926లో, అదే సదర్లాండ్ ఇంకో తీర్పు రాశాడు. ఒహాయోలో క్లీవ్‌లాండ్ పక్కన యూక్లిడ్ అనే ఊరు. ఎక్కడ ఇళ్ళుండాలి, ఎక్కడ దుకాణాలుండాలి, ఎక్కడ ఫ్యాక్టరీలుండాలి అని ఊరిని భాగాలు చేసి నిబంధనలు పెట్టింది. అక్కడ 68 ఎకరాలున్న ఒక కంపెనీ మా భూమి విలువ పోయిందని కోర్టుకెక్కింది. కోర్టు ఊరి పక్షానే నిలిచింది. నేడు అమెరికా నిండా ఉన్న జోనింగ్‌కి పునాది ఆ తీర్పే. ఇళ్ళ మధ్యకి ఫ్యాక్టరీ రాకూడదంటే అర్థం చేసుకోవచ్చు. కానీ విడి ఇళ్ళ మధ్యకి వచ్చే అపార్ట్‌మెంట్ కూడా ఒక పరాన్నజీవి లాంటిదని సదర్లాండ్ రాశాడు. చుట్టూ ఉన్న గాలీ వెలుతురూ వాడుకుని, ఆ చోటునే పాడు చేస్తుందట.

ఈ రెండు తీర్పులూ పక్కపక్కన పెట్టి చదివినప్పుడు నాకు చాలాసేపు వేరే పని తోచలేదు. దేశంలో ఎవరు మనవాళ్ళు, వీధిలో ఎవరు మనవాళ్ళు అన్న రెండు ప్రశ్నలకీ జవాబు రాసిన చెయ్యి ఒకటే.

ఫలానా జాతి వాళ్ళు ఫలానా వీధిలో ఉండకూడదని ఊళ్ళు నేరుగా చట్టం చేయడాన్ని సుప్రీంకోర్టు 1917లోనే కొట్టేసింది. అందుకని ఆ పని ఇంటి దస్తావేజుల్లోకి మారింది. ఈ ఇల్లు కాకేసియన్లు కానివాళ్ళకి అమ్మరాదు, అద్దెకివ్వరాదు అని అమ్మకం కాగితాల్లోనే రాసుకునేవారు. 1934లో పుట్టిన ఫెడరల్ హౌసింగ్ అడ్మినిస్ట్రేషన్ ఇంటి అప్పులకి పూచీ ఇవ్వడం మొదలుపెట్టింది. డౌన్‌పేమెంట్ తగ్గింది, అప్పు తీర్చే గడువు ఇరవై ఏళ్ళు దాటింది. మామూలు జీతగాడు కూడా ఇల్లు కొనగలిగాడు. చాలా గొప్ప పని. కానీ ఆ పూచీ ఎక్కడ ఇవ్వాలో చెప్పే మాన్యువల్‌లో, దస్తావేజుల్లో అలాంటి షరతులుంటే మంచిదని రాశారు. నల్లవాళ్ళుండే పేటల్ని మ్యాపుల్లో ఎర్ర రంగుతో గుర్తు పెట్టి, అక్కడ అప్పివ్వడం ప్రమాదం అన్నారు. "మంచి ఏరియా", "బ్యాడ్ ఏరియా" అన్న మాటల వెనక ఈ రంగులున్నాయి.

యుద్ధం అయ్యాక, 1947లో, విలియం లెవిట్ న్యూయార్క్ పక్కన లాంగ్ ఐలాండ్‌లో బంగాళాదుంపలు పండే పొలాల్లో లెవిట్టౌన్ కట్టడం మొదలుపెట్టాడు. ఇల్లు కట్టడాన్ని పాతిక పైచిలుకు పనులుగా విడగొట్టాడు. ఒక గుంపు పునాది పోసి పక్క స్థలానికి వెళ్తే వెనకాలే ఇంకో గుంపు గోడలు లేపుతుంది. కార్ల ఫ్యాక్టరీలో కారు కదులుతుంది, ఇక్కడ ఇల్లు కదలదు కాబట్టి మనుషులు కదిలేవారు. నాలుగేళ్ళలో 17,000 పైగా ఇళ్ళు లేచాయి. యుద్ధం నుంచి తిరిగొచ్చిన కుర్రవాళ్ళకి అది స్వర్గమే. మొదట్లో ఆ ఇళ్ళు అద్దెకిచ్చేవారు. కాకేసియన్లు కానివాళ్ళు ఈ ఇంట్లో ఉండకూడదు, పనివాళ్ళుగా మాత్రం పెట్టుకోవచ్చు అని అద్దె పత్రంలో షరతు ఉండేది. లెవిట్ స్వయంగా యూదుడు. తన కులాన్ని కూడా చాలాచోట్ల గడప తొక్కనివ్వని రోజుల్లో పెరిగినవాడు.

1948లో అలాంటి షరతుల్ని కోర్టులు అమలు చేయరాదని సుప్రీంకోర్టు చెప్పింది. కాగితం మీద మారినంత తొందరగా వీధిలో మారలేదు. 1957 ఆగస్టులో పెన్సిల్వేనియాలో లెవిట్ కట్టిన రెండో ఊళ్ళో, విలియం, డైసీ మయర్స్ అనే నల్లజాతి దంపతులు పిల్లలతో ఒక ఇంట్లో దిగారు. ఆయన కూడా సైన్యంలో పనిచేసినవాడే. వందల మంది ఇంటి ముందు పోగయ్యారు, కిటికీల మీద రాళ్ళు పడ్డాయి. వారాల తరబడి గొడవ. గవర్నరు రాష్ట్ర పోలీసుల్ని పంపవలసి వచ్చింది. పక్కింటి యూదు కుటుంబం ఒకటి వాళ్ళకి అండగా నిలబడింది. మయర్స్ కుటుంబం ఇల్లు వదల్లేదు.

1966లో షికాగోలో ఇళ్ళ హక్కు కోసం ఊరేగింపు తీస్తుంటే మార్టిన్ లూథర్ కింగ్ తలకి రాయి తగిలింది. 1968 ఏప్రిల్ 4న ఆయన్ని చంపేశారు. సరిగ్గా వారానికి ఫెయిర్ హౌసింగ్ చట్టం మీద సంతకం అయింది. దానికి మూడేళ్ళ ముందు, 1965లో, మనలాంటి వాళ్ళకి తలుపు తీసిన ఇమిగ్రేషన్ చట్టం వచ్చింది. అది కూడా పౌరహక్కుల ఉద్యమపు గాలిలో వచ్చిందే. మన డాక్టర్లూ ఇంజనీర్లూ వచ్చేసరికి ఆ రెండు తలుపులూ తీసి ఉన్నాయి. తీసినవాళ్ళ తలలు పగిలిన సంగతి మనకి ఎవరూ చెప్పలేదు.

ఇక జోనింగ్. అది చట్టానికి అంత సులువుగా దొరకదు, ఎందుకంటే అందులో జాతి పేరుండదు. అర ఎకరం కంటే తక్కువలో ఇల్లు కట్టరాదు, అపార్ట్‌మెంట్లు వద్దు అంటే చాలు, డబ్బు లేనివాళ్ళు వాళ్ళంతట వాళ్ళే రారు. మా న్యూజెర్సీలో మౌంట్ లారెల్ అనే ఊళ్ళో తరతరాలుగా ఉంటున్న నల్లజాతి కుటుంబాలు కొన్ని కోళ్ళ షెడ్లని ఇళ్ళుగా మార్చుకుని బతుకుతుండేవి. 1970 ప్రాంతంలో ఎథెల్ లారెన్స్ అనే ఆవిడ, ఇంకొందరూ కలిసి, మా పిల్లలు ఈ ఊళ్ళోనే ఉండేలా 36 అపార్ట్‌మెంట్లు కట్టుకుంటామని అడిగారు. ఇక్కడ ఉండే స్తోమత లేకపోతే ఊరు వదిలి వెళ్ళండని మేయరు చర్చిలోనే చెప్పాడు. ఆవిడ కోర్టుకి వెళ్ళింది. ప్రతి ఊరూ తక్కువ ఆదాయం వాళ్ళకి కూడా తన వంతు చోటివ్వాలని 1975లో రాష్ట్ర సుప్రీంకోర్టు తీర్పిచ్చింది. ఊళ్ళు మొండికేస్తే 1983లో ఇంకా గట్టిగా చెప్పింది. ఎథెల్ లారెన్స్ 1994లో పోయింది. ఆవిడ పేరుతో 140 ఇళ్ళు 2000లో మొదలయ్యాయి. తర్వాత ప్రిన్స్‌టన్‌కి చెందిన డగ్లస్ మాస్సీ బృందం అక్కడ పరిశోధన చేసింది. నేరాలు పెరుగుతాయి, ఇళ్ళ ధరలు పడిపోతాయి, పన్నులు పెరుగుతాయి అని జనం భయపడ్డారు కదా, పక్క ఊళ్ళతో పోలిస్తే అలాంటిదేమీ జరగలేదని తేల్చింది.

2024లో వచ్చిన రాష్ట్ర చట్టం ప్రకారం వచ్చే పదేళ్ళకి ఏ ఊరు ఎన్ని ఇళ్ళకి చోటివ్వాలో మళ్ళీ లెక్కలు వేశారు. మా వైపు టౌన్‌షిప్ మీటింగుల్లో మైకు పట్టుకుని అపార్ట్‌మెంట్లు వద్దనే వాళ్ళలో మనవాళ్ళు కూడా కనిపిస్తున్నారు. ట్రాఫిక్, డ్రైనేజీ, క్లాసులో ఎక్కువైపోయే పిల్లలు — వీటిలో కొన్ని న్యాయమైన ప్రశ్నలే. ఇక్కడ స్కూలు ఖర్చులో పెద్ద భాగం ఇంటి పన్ను నుంచి వస్తుంది కాబట్టి భయం కూడా అర్థమవుతుంది. కానీ వాట్సాప్ గ్రూపుల్లో ఇంకో మాట వినిపిస్తుంది: "ఆ టైపు జనం వస్తారండీ." ఊరికీ వాడకీ మధ్య దూరం పాటించిన దేశం నుంచి వచ్చాం. ఇల్లు అద్దెకి అడిగితే "మీరేమిట్లు?" అని అడిగించుకున్నాం, అడిగాం కూడా. ఆ మాట మనకి ఇక్కడ కొత్తగా నేర్పక్కర్లేదు.

ఒకటి గుర్తు చేసుకుందాం. ఈ దేశంలో మనలో చాలామందిమి మొదట కాపురం పెట్టింది విడి ఇంట్లో కాదు. నలుగురు కలిసి రెండు బెడ్‌రూముల అపార్ట్‌మెంట్‌లో, హాల్లో పరుపు వేసుకుని. సదర్లాండ్ పరాన్నజీవి అన్నది ఆ ఇంటినే. ఆయన మాట పూర్తిగా చెల్లి ఉంటే మనకి ఆ మొదటి మెట్టు దొరికేది కాదు.

థింద్ కోరుకున్నది గోడకి ఇటువైపు చోటు. ఎథెల్ లారెన్స్ కోరుకున్నది తన సొంత ఊళ్ళో, పక్కవాళ్ళని వెళ్ళగొట్టకుండా, ఒక చోటు. మంచి ఏరియా ఏదని నన్నెవరైనా అడిగితే ఇప్పుడు స్కూలు రేటింగ్‌తో పాటు ఇంకో లెక్క కూడా చెప్తున్నాను. ఆ స్కూల్లో మన పిల్లలకి పాఠం చెప్పే టీచరమ్మ, బస్సు నడిపే ఆయన, రాత్రిపూట అంబులెన్సులో తిరిగే కుర్రాడు అదే ఊళ్ళో ఇల్లు తీసుకోగలరా అని. చాలా ఊళ్ళకి ఈ లెక్కలో మార్కులు రావు. మా ఊరికీ ఇంకా రాలేదు. వచ్చే నెల మళ్ళీ మీటింగ్ ఉంది, వెళ్తున్నాను.