కుటుంబమునకు చికిత్స

ఆస్తి తగవు వచ్చినచో పెద్దమనుష్యులను, జ్వరము వచ్చినచో వైద్యుని పిలుచుట మన మెరిగినదే. మనస్సు చెదరినచో మాత్రము ఇంటిగుట్టని తలుపు మూసికొందుము. బెంగుళూరున తరతరములుగా నున్న మన తెలుగు కుటుంబములును ఇందులకు మినహాయింపు కావు. ఆ తలుపు తెరచిన ప్రయత్నములలో నొకటి ఈ నగరముననే జరిగినది.

1950 దశకమున అమృత్‌సర్‌లో డాక్టరు విద్యాసాగర్ మనోరోగుల బంధువులను ఆస్పత్రి ఆవరణలోనే డేరాలలో ఉంచి చికిత్సలో భాగస్థులను చేసిరి. 1957లో ప్రారంభమైన వెల్లూరు మానసిక చికిత్సా కేంద్రమునను రోగితో బంధువులుండుట ఆచారమాయెను. బెంగుళూరున 1954లో అఖిల భారత మానసికారోగ్య సంస్థ వెలసెను. అది పాత మానసిక చికిత్సాలయముతో కలిసి 1974లో నిమ్హాన్సు ఆయెను. ఇచ్చట కుటుంబములకు ప్రత్యేకముగ వార్డులేర్పడి, ఇంటివారందరును కలిసి బసచేసి చికిత్స పొందు వీలు కలిగెను.

అమెరికాలో మరే బోవెన్ 1954 మొదలు ఇట్లే కుటుంబములను ఆస్పత్రిలో నుంచి పరిశీలించెను. ఇద్దరి నడుమ పొరపొచ్చెము ముదిరినపుడు మూడవవానిని నడుమకు లాగుదురని ఆయన గ్రహించి, దానిని త్రికోణమనెను. పెద్దలకు పిల్లలకు నడుమ తగిన హద్దులుండవలెనని సాల్వడార్ మినూచిన్ బోధించెను. తల్లి పెంపకమే పిచ్చికి కారణమను పూర్వవాదము నేడు నిలువలేదు. మందు వలసినచోట మందు వలసినదే. ఇంటివారి నడవడి మారిన రోగి త్వరగా తేరుకొనును.

మా యింటనే ఇది చూచితిమి. మా యింటావిడకును కోడలికిని ఏడాదిగా మాటలు లేవు. ఎనిమిదేండ్ల మనుమడే వార్తాహరుడు. వానికి ప్రతి ఉదయము కడుపునొప్పి, బడి మానెను. వైద్యులు శరీరమున రోగము లేదని, అందరును కలిసి సలహాదారు వద్దకు పొండనిరి. ఆమె ఎవరిని తప్పుపట్టలేదు. "పిల్లవానిచేత కబురంపకుడు, చెప్పవలసినది మీరే చెప్పుడు" అనెను. పిదప మావైపు తిరిగి, "మాటలు ముదిరినపుడు మీరేమి చేయుదురు?" అని యడిగెను. పత్రిక చదువుదుమంటిమి. జీవితమంతయు గుమాస్తాగిరి చేసిన మేము ఆ మౌనమును నిష్పక్షపాతమనుకొంటిమి. అది బరువంతయు ఆ పసివానిపై మోపుటయే యని నాడు తెలిసి సిగ్గుపడితిమి.

నాలుగు నెలలు పోయితిమి. అత్తాకోడండ్రు నేటికిని ప్రాణస్నేహితులు కారు. కాని ఒకనాడు మా యింటావిడ "పులుసులో ఉప్పు చాలినదా, అమ్మాయీ?" అని కోడలినే యడిగెను. ఆమె "చాలిన దత్తయ్యా" అనెను. మనుమడు తలయెత్తక అన్నము తినుచుండెను. వాడిప్పుడు బడికి పోవుచున్నాడు.

ఇంటిగుట్టు కాపాడవలసినదే, కాని దానిని పసిపిల్లల కడుపులో దాచరాదని మా మనవి.