ఒంటి టిక్కు దాటితేనే బొంగు పొయ్యెక్కేది

పాల్వంచ దాటకముందే ఫోను బయటికి తీయండి. కేటీపీఎస్ థర్మల్ విద్యుత్ కేంద్రం పొగగొట్టాలు కనిపిస్తున్నంతసేపూ సిగ్నలుకు ఢోకా లేదు. తెల్లారుజామున ఖమ్మంలో బయల్దేరి తల్లాడ, ఏన్కూరు, జూలూరుపాడు మీదుగా ఇక్కడిదాకా వచ్చారు. కొత్తగూడెంలో ‘భద్రాచలం రోడ్’ అన్న రైల్వే స్టేషన్ బోర్డు చూసి వెనక సీట్లో పిల్లలు వచ్చేశామనుకున్నారు. రాముడి గుడి అక్కణ్నుంచి ఇంకా నలభై కిలోమీటర్లు. మీ మధ్యాహ్నం భోజనం ఆ గుడికీ అవతల, గోదావరి దాటి చింతూరు పోయే అడవి దారిలో, పేరు బోర్డు కూడా లేని ఒక పాకలో. బొంగు చికెన్ అక్కడికెళ్లి కూర్చుని అడిగితే దొరికేది కాదు. ముందే చెప్పాలి. చెప్పడమంటే మెసేజ్ పెట్టడమే.

‘నమస్తే అన్నా. ఆరుగురం వస్తున్నాం. బొంగు చికెన్ రెండు కిలోలు. పిల్లలున్నారు, కారం తక్కువ. ఒంటిగంటన్నరకల్లా.’

పంపారు. ఒక టిక్కు పడింది. రెండోది పడలేదు.

“ఆగండి సార్, ఆ ఫోను చింతచెట్టు కిందికి రావాలె గదా” అంటాడు డ్రైవరు. పాకలో సిగ్నల్ ఉండదట. రోడ్డు పక్క చెట్టు దగ్గర అందుతుంది. ఇంటర్ చదివే పిల్లాడు గంటకోసారి అక్కడికొచ్చి ఫోను చూసుకుని పోతాడు. వాళ్ల ఆర్డర్ కౌంటర్ అదే.

జగన్నాథపురం పెద్దమ్మ గుడి వచ్చింది. ఆదివారం కాబట్టి చెట్ల కింద రాళ్ల పొయ్యిలు వెలుగుతున్నాయి. మొక్కులు తీర్చుకున్నవాళ్లు కోళ్లు కోసుకుని అక్కడే వండుకుంటున్నారు. మసాలా వాసన కారులోకి వచ్చేసరికి మీ చెయ్యి మళ్లీ ఫోను మీదికి పోయింది. ఒంటి టిక్కే.

సారపాకలో కాగితం మిల్లు వాసన, జామాయిల్ కర్రల లోడుతో లారీల వరస. అక్కడ టింగుమంది. రెండు టిక్కులూ పడి, నీలం రంగు తిరిగి, వెనకే ఓ వాయిస్ మెసేజ్. నొక్కితే ముందు కోడిపుంజు కూత, తర్వాత ఆడమనిషి గొంతు: “సార్, నాటుదా, ఫారందా? నాటుదైతే ఇప్పుడే చెప్పాలె, ఎక్కువసేపు పడతది. అన్నం గూడ వండాల్నా? వస్తరా, పక్కానా?”

మీ మెసేజ్‌లో కిలోలున్నాయి, టైమింగ్ ఉంది. వంటమనిషికి కావలసింది మాత్రం లేదు. మనం పెట్టే ఆర్డర్లు చాలావరకు ఇంతే: మనకేం కావాలో రాస్తాం, వాళ్లు దేంతో మొదలుపెట్టాలో రాయం. ఆవిడ మాటలోనే జవాబిచ్చింది ఎందుకంటే చేతులు పసుపూ కారంలో ఉన్నాయి. వాట్సాప్‌లో 2013లో వాయిస్ మెసేజ్ వచ్చాకనే ఇలాంటి వంటిళ్లు నిజంగా ఫోనులోకి వచ్చాయని నా లెక్క. టైపు చేసే ఓపికా తీరికా కౌంటర్ దగ్గర కూర్చునేవాడికి ఉంటాయి గానీ పొయ్యి దగ్గర నిలబడ్డవాళ్లకు కాదు.

‘ఫారందే అక్కా. అన్నం ఆరుగురికి. పక్కా.’ వెంటనే ఇంకో మెసేజ్: “రెండొందలు ఫోన్‌పే చెయ్యండి సార్.” చేశారు. కాస్త చిన్నబుచ్చుకున్నారు కూడా, ముఖం తెలియని మనిషి అడ్వాన్స్ అడిగిందని. ఆ సంగతి పాక దగ్గర తెలుస్తుంది.

వంతెన ఎక్కారు. రాష్ట్రపతి సర్వేపల్లి రాధాకృష్ణన్ 1965లో ప్రారంభించిన పాత వంతెన, పక్కన కొత్తది. దర్శనానికి ముందు టిఫిన్ కోసం భద్రాచలం ఊళ్లో ఓ మెస్సులో దూరారు. క్యాషియర్ ముందు రెండు ఫోన్లు. మీరు డబ్బులిస్తుండగా ఒకటి వెలిగింది, చదవకుండా ఉండలేకపోయారు: ‘రెండు బస్సులు. 90 భోజనాలు. పన్నెండున్నర. అందులో 20 ఉల్లి వెల్లుల్లి లేకుండా.’ ఆయన దాన్ని తలెత్తకుండానే వంటింటి గ్రూపులోకి తోసేశాడు. తలుపు సందులోంచి చూస్తే వంటమేస్త్రి ఫోను పాలిథిన్ కవరులో మేకుకు వేలాడుతోంది. కవరు మీంచే వేలితో జరిపి చదివి, బియ్యం కొలిచేవాడికి ఏదో చెప్పాడు. పోచవరం నుంచి పాపికొండల బోటెక్కే గుంపులు, పర్ణశాల పోయే బస్సులు, అన్నీ ఇలా మెసేజ్‌గానే ముందు చేరతాయి.

“వానాకాలం మాత్రం తిండి గురించి అడగరండీ, రోడ్డుందా అని పెడతారు” అన్నాడాయన చిల్లర లెక్కపెడుతూ. గోదావరి 43 అడుగులకు వస్తే మొదటి ప్రమాద హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది. 2022 జులైలో 71.3 అడుగులు వచ్చినప్పుడు వంతెన మీద రాకపోకలే ఆపేశారు. నది ఒడ్డు హోటలు అలాంటప్పుడు వాతావరణ కేంద్రం పని కూడా చేస్తుంది. ఇంతా చెప్పి, హాల్లో మాత్రం సర్వర్ ఇంకా అరుస్తూనే ఉన్నాడు, “రెండు పూరీ, ఒక పెసరట్టు!” అని. పది గజాల దూరానికి గొంతును మించింది రాలేదు, రాదు కూడా.

దర్శనం ఆలస్యమైంది. ఊరు దాటితే ఎటపాక, ఆంధ్రప్రదేశ్ బోర్డు. 2014లో ఈ మండలాలు అటు వెళ్లాయి. గుడి ఒక రాష్ట్రంలో, మీ భోజనం ఇంకో రాష్ట్రంలో. అరగంట లేటని చెబుదామంటే వాట్సాప్‌లో గడియారం బొమ్మ అలాగే నిలబడిపోయింది. రెండు పక్కలా టేకు, ఇప్ప, తునికి. నెట్ పోయింది. ఒకే ఒక్క గీత సిగ్నల్ మిణుకుమంటోంది.

“మామూలు మెసేజ్ కొట్టండి సార్” అంటాడు డ్రైవరు. అతనికి తెలుసు. 1992 డిసెంబర్ 3న ఇంగ్లండ్‌లో తొలిసారి వెళ్లిన ఎస్సెమ్మెస్సుకు నెట్ అక్కర్లేదు, ఆ ఒక్క గీత చాలు. అవతలి ఫోను అందకపోతే కంపెనీ సెంటర్‌లో కాచుకుని ఉండి, చెట్టు కిందికి రాగానే వెళ్లి పడుతుంది. ఇంగ్లిష్ అక్షరాలైతే ఒక మెసేజ్‌లో 160 పడతాయి. తెలుగు లిపిలో రాస్తే 70తో సరి, ఆపైన రెండో మెసేజ్ కింద లెక్క. ‘అక్కా, రెండింటికి వస్తాం’ అనడానికి డెబ్బై కూడా ఎక్కువే.

పాక దగ్గర దిగగానే మొదట కనిపించేది మీ ఆర్డరే. అట్టపెట్టె ముక్క మీద బొగ్గుతో, ‘6 మంది, 2 కిలో, కారం త’. పక్కన 1.30 కొట్టేసి 2 అని దిద్దారు. మెసేజ్ చేరింది.

నిప్పుల మీద నాలుగు పచ్చి బొంగులు వాలుగా పేర్చి ఉన్నాయి. ఎండు వెదురైతే కాలిపోతుంది. పచ్చిదానిలో తేమ ఉంటుంది కాబట్టి పైన మాడినా లోపల మాంసం ఆ ఆవిరిలోనే ఉడుకుతుంది. నూనె లేదు, నీళ్లు లేవు. ఉప్పు, కారం, పసుపు, అల్లం వెల్లుల్లి పట్టించిన ముక్కలను కణుపుల మధ్య కూరి, మూతికి ఆకులు దోపారు. అక్క ఒక్కోదాన్ని గుడ్డతో పట్టి పావు వంతు తిప్పుతోంది. ఆకుమూతి పక్కనుంచి బుడగలొచ్చి చుయ్యిమంటే తీయాల్సిన వేళ. కత్తితో నిలువునా చీలిస్తే పొగతో పాటు పచ్చి చెరుకులాంటి వాసన. దగ్గరదగ్గర గంట పని. ఒకసారి కాల్చిన బొంగు మళ్లీ పనికిరాదు. 2006 అటవీ హక్కుల చట్టం వెదురును చిన్నతరహా అటవీ ఉత్పత్తుల్లో చేర్చింది. కొట్టుకునే హక్కు ఉన్నా, కొట్టి మోసుకొచ్చే చెమట ఉండనే ఉంటుంది.

తింటుండగా గోడ వారన ఇంకో మూడు బొంగులు కనిపించాయి. కాలి, చల్లారి, మూతి తీయకుండా ఉన్నవి.

“ఎవరివక్కా?”

“పొద్దున చెప్పిన్రు సార్, పదకొండింటికొస్తమని. మనం పెట్టిన దానికి నీలం టిక్కు గూడ పడ్డది. చూసిన్రు గదా, వస్తరనుకున్న.”

అడ్వాన్స్ అడగలేదట, గట్టిగా మాట్లాడే మనుషులని మొహమాటపడి. లారీవాళ్లు ఆగితే సగం ధరకు ఇచ్చేస్తుంది. లేకపోతే ఇంట్లోకే. రెండొందల సంగతి ఇప్పుడు అర్థమైంది కదా.

ఈ దారిన వెళ్లేవాళ్లకు మనవి. పాల్వంచలోనే మెసేజ్ పెట్టండి, నాటుదో ఫారందో రాయండి, అడిగిన అడ్వాన్స్ పంపండి. రాలేకపోతే మాత్రం, కోడిని కోయకముందే, రాలేమని ఒక్క ముక్క కొట్టండి.